మేలుకు మార్కులెన్ని?

వచ్చే ఉగాదికి మన సంఘం ఒక కొత్త పని తలపెట్టింది. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం రాజపాళయంలో జరిగే మన చర్చాగోష్ఠిలో, ఏడాది పొడుగునా తోటివారికి అందరికన్నా ఎక్కువగా సాయపడిన సభ్యుణ్ణి ఎంచి సన్మానించాలని కార్యవర్గం తీర్మానించింది. ఎంపికకు నియమాలు వ్రాసే పని నా మీద పడింది. పెద్ద కారణమేమీ లేదు, బ్యాంకువాడు కదా, లెక్కలు బాగా వేస్తాడని. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా పరుల డబ్బు లెక్కపెట్టి జీతం పుచ్చుకుంటున్నవాడు ఈ మాత్రం చేయలేడా అని అధ్యక్షులవారి ధీమా.

ఆ నియమాలు ఖాయం చేసేముందు మీ అందరితో ఒకసారి మాట్లాడడం మంచిదని తోచి, ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను. లాకర్లు, నామినేషన్ల గురించి కొందరు వ్రాసిన ఉత్తరాలకు వచ్చే సంచికలో జవాబు చెబుతాను.

కోయంబత్తూరు, హోసూరు, మదురై పాఠకులకు మా గోష్ఠి సంగతి కాస్త చెప్పాలి. రాజపాళయంలో తెలుగు వినబడని వీధి అరుదు. ఏనాడో తెలుగునాటి నుంచి దక్షిణానికి తరలివచ్చిన రాజుల కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటున్నాయి. అయితే మాట నిలిచినట్టుగా అక్షరం నిలవలేదు. బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఉత్తరం వ్రాయవలసివస్తే తెలుగు మాటలనే తమిళ లిపిలో వ్రాసేవాళ్ళు మా చుట్టాల్లోనే ఎందరో ఉన్నారు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక హోసూరువైపు తెలుగు బడుల్లో కూడా పరిస్థితి మారింది. అది మంచా చెడా అన్నది వేరే చర్చ. మనం చెప్పుకోవలసింది ఏమిటంటే, తెలుగులో ఒక సందేహం వస్తే మాస్టారిని అడిగే వీలు మనకు లేదు. పక్కింటివాళ్ళనే అడగాలి. ఆ అడగడానికి పెట్టుకున్నదే ఈ గోష్ఠి.

వచ్చే ప్రశ్నలు కూడా అలాంటివే. మా తాతగారి ఉత్తరం దొరికింది, చదివిపెట్టండి. శ్రీమంతానికి పాడే పాట ఎవరికైనా వచ్చా? 'వాకిలి' మన మాటా, తమిళులదా? (ఇద్దరిదీనూ. వాళ్ళు 'వాయిల్' అంటారు.) భీమవరం సంబంధం వచ్చింది, మన ఇంటిపేరు వాళ్ళకు ఎలా చెప్పాలి? ఒక్కోసారి పక్కనే ఉన్న శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి ప్రస్తావన వచ్చి, రాయలవారి ఆముక్తమాల్యద దాకా పోయి, రాత్రి భోజనాల వేళ దాటిపోతుంది. పాతికమంది వస్తే ఎక్కువ. అయినా ఏడాదికి పన్నెండు సాయంత్రాలు తెలుగులో వాదించుకోవడానికి మాకు వేరే చోటు లేదు.

సరే, అసలు విషయం. కార్యవర్గం నాకు ఒక చిత్తుప్రతి ఇచ్చింది. గోష్ఠికి హాజరైతే 2 మార్కులు. అడిగిన ప్రశ్నకు జవాబు చెబితే 5. కొత్త సభ్యుణ్ణి చేర్పిస్తే 10. చందా బకాయి ఉన్నవారు అనర్హులు. అన్నీ కూడి ఎవరికి ఎక్కువ వస్తే వారికి ఒక పొన్నాడ (మా తమిళనాట శాలువాకు ఆ పేరే), ఒక జ్ఞాపిక, 5,001 రూపాయలు.

చూడటానికి ముచ్చటగానే ఉంది. పక్షపాతమన్న మాట రాదు. చుట్టరికాలు లేని ఇల్లే లేని మా ఊళ్ళో అది చిన్న సంగతి కాదు. 'మా బావకు ఎందుకు ఇవ్వలేదు' అని పెళ్ళి పందిట్లో నిలదీసేవాళ్ళకు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. అయినా నాకు ఈ పద్ధతి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో బ్యాంకులో పనిచేసినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది.

మార్చి నెలాఖరు సంగతి తీసుకోండి. ప్రతి బ్రాంచికీ డిపాజిట్ల టార్గెట్ ఉంటుంది. ఆఖరి వారంలో తెలిసిన మిల్లు యజమాని దగ్గరకో, పత్తి వ్యాపారి దగ్గరకో వెళ్ళి, 'నాలుగు రోజులు డబ్బు మా దగ్గర ఉంచండి' అని బతిమాలుకోవడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిన విద్య. మార్చి 31న బోర్డు మీద అంకె కళకళలాడుతుంది. ఏప్రిల్ మొదటి వారంలో డబ్బు వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. టార్గెట్ పెట్టినవారి ఉద్దేశం బ్రాంచి నాలుగు కాలాలపాటు బలపడాలని. మేము అందించింది ఒక అంకె. 1975లో చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉండగా, ఈ సంగతినే ద్రవ్య విధానానికి అన్వయించి చెప్పాడు. ఏ అంకెనైనా గమనిస్తూ ఉన్నంతకాలం అది ఒక నిజాన్ని చూపిస్తుందనీ, దాన్నే పట్టుకుని అజమాయిషీ చేయబోతే అది చెడిపోతుందనీ దాని సారాంశం. దాన్ని ఇప్పుడు గుడ్‌హార్ట్ సూత్రమంటున్నారు. మన గుమాస్తాలకు ఆయన పుట్టకముందే తెలుసు.

గోష్ఠిలో జవాబుకు 5 మార్కులంటే ఏమవుతుందో ఊహించండి. ప్రశ్న పూర్తికాకుండానే నాలుగు చేతులు లేస్తాయి. 'నాకు తెలియదు' అనే మనిషి కనబడడు. నా అనుభవంలో మా గోష్ఠిలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన జవాబు ఏమిటో తెలుసా? 'నాకు తెలియదండీ, ఫలానా వీధిలో ఫలానావారికి తెలుస్తుంది, రండి నేను తీసుకువెళతాను' అన్నది. దీనికి చిత్తుప్రతిలో మార్కు లేదు.

ఆ 'ఫలానావారు' చాలాసార్లు ఒక్కరే. ఆవిడ పేరు వ్రాయను, వ్రాస్తే ఒప్పుకోదు. ఊళ్ళో సగంమందికి పెద్దత్త. డెబ్బై అయిదు దాటాయి. మోకాళ్ళ నొప్పులవల్ల ఒక్క గోష్ఠికీ రాలేదు, అంటే హాజరు సున్న. కాని ఈ పేటలో తెలుగులో అచ్చయ్యే పెళ్ళి శుభలేఖ ప్రతి ఒక్కటీ ఆవిడ చేతిమీదుగా పోవలసిందే. మీకు తెలిసిందే, మా వైపు శుభలేఖలన్నీ శివకాశిలో అచ్చవుతాయి. ముప్ఫై రంగుల్లో కావాలన్నా వేస్తారు, తెలుగు మాత్రం రాదు. అక్షరాలను బొమ్మలుగా చూసి పేర్చేస్తారు. ఒకసారి ప్రూఫు తీసుకువెళ్ళినవాళ్ళతో పాటు నేనూ ఉన్నాను. 'వధూవరులను' అని ఉండవలసిన చోట 'వధావరులను' అని పడింది. పెద్దత్త కళ్ళజోడు సవరించుకుని, 'ఒక్క కొమ్ము పోతే పెళ్ళికూతుర్ని నరికేశారే!' అంది. అది అలాగే అచ్చయి భీమవరం వియ్యంకుల ఇంటికి చేరివుంటే ఏమయ్యేదో ఆ ఇంటివాళ్ళనే అడగాలి.

ఈ మధ్య ఆవిడకు ఒక కన్ను బాగా మందగించింది. ప్రూఫు చదవలేకపోతోంది. అందుకని పక్కింట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిని కూచోబెట్టుకుని, 'నువ్వు చదువు, నేను వింటాను' అంటుంది. అమ్మాయికి అక్షరాలు సరిగా రావు. 'పొట్టలో చుక్క ఉందా చూడు. ఉంటే థ, లేకపోతే ధ' అంటూ విని దిద్దుతుంది. ఒక శుభలేఖకు గంటన్నర పడుతుంది. కాని ఆరు శుభలేఖలయ్యేసరికి ఆ అమ్మాయి గుణింతం తడుముకోకుండా చదువుతోంది. సంఘం డబ్బు ఖర్చుపెట్టి సెలవుల్లో నడిపిన తెలుగు తరగతుల్లో ఇంత ఫలితం నేను చూడలేదు.

సన్మానం సంగతి మెల్లిగా కదిపి చూశాను. 'పెద్దత్తా, ఉగాదికి మీకు పొన్నాడ కప్పుదామనుకుంటున్నాం' అన్నాను.

'ఈ ఎండల్లో దాన్ని కప్పుకుని ఏం చేసుకోను నాయనా' అంది. కాసేపు ఆగి, 'అదేదో చేసేబదులు ఇంకో ఇద్దరు పిల్లల్ని పంపు. ఇది పదో తరగతికి వచ్చిందంటే ట్యూషన్లని ఎగిరిపోతుంది' అంది.

ఆవిడ తరవాత ఎవరు అన్న ప్రశ్నకు మా ఊళ్ళో ప్రస్తుతం జవాబు లేదు. ఆ ఒక్క కన్ను కూడా మసకబారితే మా శుభలేఖలు తమిళంలోనో ఇంగ్లీషులోనో పడతాయి. పెళ్ళిళ్ళు ఆగవు. ఎవరూ ఏడవరు కూడా. రెండు తరాల తరవాత తెలుగు శుభలేఖ ఎలా ఉండేదో చూడాలంటే పాత పెట్టెలు వెతుక్కోవాలి. ఈ సన్మానం సంగతి నేను ఇంత పట్టించుకోవడానికి కారణం అది.

రెండో మనిషి గురించి కూడా చెప్పాలి. కార్తీకం నుంచి మకరజ్యోతి దాకా అయ్యప్పస్వాముల బస్సులు ఆంధ్ర, తెలంగాణల నుంచి మదురై మీదుగా మా ఊరు దాటి తెన్‌కాశి వైపు వెళుతుంటాయి. రాత్రివేళ ఏ బస్సుకో బ్రేకు పట్టకపోతే, ఏ స్వామికో గుండెల్లో నొప్పి వస్తే, భాష రాని ఊళ్ళో వాళ్ళ అవస్థ చెప్పలేం. అలాంటప్పుడు కబురు వెళ్ళేది మన సభ్యుడైన ఒక మెకానిక్కుకు. అర్ధరాత్రి లేచి వెళతాడు. డాక్టరుకు తమిళంలో చెప్పి, స్వాములకు తెలుగులో చెప్పి, తెల్లవారాక ఇంటికి వస్తాడు. గోష్ఠికి వచ్చినా వెనక బెంచీలో కూర్చుని వింటాడు, నోరు విప్పడు. పైగా రెండేళ్ళ చందా బాకీ. చిత్తుప్రతి ప్రకారం అనర్హుడు.

ఇక మొదటి వరుసలో కూర్చుని ప్రతి ప్రశ్నకూ అరగంట జవాబు చెప్పే పెద్దమనిషికి, నేను వేసిన లెక్క ప్రకారం, ఏ ఏడాదైనా మొదటి స్థానం ఖాయం. ఆయన ఈ శీర్షిక తప్పకుండా చదువుతారు. ఆయన చెప్పే జవాబుల్లో మంచివి లేకపోలేదని ఇక్కడే మనవి చేసుకుంటున్నాను.

ఈ తికమక మనకొక్కరికే కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు ఎలా తయారయిందో మీలో కొందరు చదివే ఉంటారు. ఒక్కో మాటను పాత పుస్తకాల్లో ఎవరెవరు ఎలా వాడారో వెతికి, చీటీల మీద వ్రాసి పంపమని 1879లో సంపాదకుడు జేమ్స్ మర్రే చదువరులందరికీ విజ్ఞప్తి చేశాడు. జీతం లేదు, బత్తెం లేదు. వందలమంది పంపారు. 1888లో మొదటి సంపుటం వచ్చినప్పుడు సాయం చేసినవారి పేర్లను, ఎవరు ఎన్ని పంపారో అంకెలతో సహా ముందుమాటలో అచ్చువేశాడు. థామస్ ఆస్టిన్ అనే ఆయన 1,65,000 చీటీలు పంపాడు. మన చిత్తుప్రతి ప్రకారమైతే పొన్నాడ ఆయనదే.

కాని 1890ల చివర మర్రే వ్రాసినదాన్నిబట్టి చూస్తే, అప్పుడు ఆయన అగ్రస్థానం ఇచ్చింది డాక్టర్ మైనర్‌కు. అంతకు ముందు రెండేళ్ళలో మైనర్ పంపినవి 12,000 మాత్రమే. తేడా ఎక్కడుంది? మిగిలినవారు తమకు తోచిన మాటలు తమకు తోచినప్పుడు పంపేవారు. మైనర్ తన దగ్గరున్న పుస్తకాలకు మాటల పట్టికలు తయారుచేసి పెట్టుకుని, 'మీరిప్పుడు ఏ మాట దగ్గర ఉన్నారు?' అని అడిగి, ఆ మాటకు కావలసినవే పంపేవాడు. సంపాదకుడు ఎక్కడ తట్టుకుని ఆగిపోయాడో అక్కడికి చెయ్యి అందించాడన్నమాట. ఆయన ఉండేది బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రిలో. అమెరికా సైన్యంలో వైద్యుడుగా పనిచేసి, మతి చలించి, 1872లో లండన్‌లో ఒక అమాయకుణ్ణి కాల్చి చంపి అక్కడ చేరినవాడు. ఏ సభకూ రాలేడు, హాజరు మార్కులు ఎలాగూ పడవు. మర్రే మాత్రం ఆయన పేరు దాచలేదు, సాయం తక్కువ చేసి చెప్పలేదు. మనవైపు సి.పి. బ్రౌన్ దొరగారి తెలుగు నిఘంటువు 1852లో వచ్చింది. దాని వెనక పనిచేసిన పండితుల్లో ఒకరి పేరు చెప్పమంటే మనలో ఎంతమంది చెప్పగలం? జూలూరి అప్పయ్యగారు అని పది తెలుగు ఇళ్ళల్లో అడిగి చూడండి.

ఇంతకూ అసలు సన్మానమే ఎందుకు, మేలు చేసేవాళ్ళు ఎలాగూ చేస్తారు కదా అని కార్యవర్గంలోనే ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. దానికి జవాబు నాకు తెలుగు వికీపీడియావాళ్ళ దగ్గర దొరికింది.

2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వాన్ని వ్రాసేది, దిద్దేది ఊరూపేరూ తెలియని స్వచ్ఛంద సేవకులే. మాటల మీద, తేదీల మీద వాళ్ళలో వాళ్ళు వాదించుకునే తీరు చూస్తే మన గోష్ఠి గుర్తొస్తుంది. ఎవరైనా తనకు సాయపడ్డారనిపిస్తే ఏ సభ్యుడైనా మరో సభ్యుడికి ఒక పతకం బొమ్మ ఇవ్వవచ్చు. అనుమతి అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. ఈ అలవాటు ఇంగ్లీషు వికీపీడియా నుంచి వచ్చింది. అమెరికా పల్లెల్లో ధాన్యపు కొట్టాల గోడలకు తగిలించే నక్షత్రం బొమ్మ ఆ పతకానికి మూలం. ఇది కాక, 2013లో కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారి పేరున తెలుగు వికీపీడియాలో కృషి చేసినవారికి ఒక పురస్కారం కూడా ఏర్పాటు చేశారు. ఒక్కరికి కాదు, ఒకేసారి పలువురికి. పేరు ఎంచుకోవడంలోనే ఔచిత్యముంది. లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి, తరవాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పని తలకెత్తుకుని, మూడు సంపుటాలు తెచ్చి, 'అ' అక్షరం దాటకుండానే 1923లో కన్నుమూశారు. ఒక్క మనిషి మోయలేని బరువది. సాయపడే చేతులు కావాలి, వాటిని నిలుపుకోవాలి.

నిలుపుకోవడానికి గుర్తింపు పనికొస్తుందా? దీన్ని పరీక్షించినవాళ్ళున్నారు. రెస్టివో, వాన్ డె రైట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు వికీపీడియాలో బాగా కష్టపడుతూ ఒక్క పతకమూ అందుకోని 200 మందిని తీసుకున్నారు. అందులో సగంమందికి చీటీలు వేసినట్టుగా పతకం ఇచ్చి, మిగిలిన సగంమందికి ఇవ్వకుండా మూడు నెలలు చూశారు. పతకం అందినవారి పని రెండోవారితో పోలిస్తే 60 శాతం ఎక్కువగా ఉన్నదని 2012లో ప్రకటించారు. రూపాయి ఖర్చు లేదు, ఒక బొమ్మ, దాని కింద నాలుగు మాటలు. ఇంకొకటి నాకు మరీ నచ్చింది. జానా గాలుస్ అనే ఆవిడ జర్మన్ వికీపీడియాలో కొత్తగా చేరిన 4,007 మందిని తీసుకుని, వారిలో కొందరికి మాత్రమే ఒక చిన్న గౌరవ చిహ్నం ఇప్పించింది. చిహ్నం అందినవారిలో తరవాతి నెల కూడా పనిచేస్తూ ఉండిపోయినవారు 20 శాతం ఎక్కువ. ఆ ప్రభావం ఏడాదిదాకా కనిపించిందని 2017లో అచ్చయిన ఆ పరిశోధన చెబుతోంది. అంటే ముప్ఫై ఏళ్ళు సేవచేసి అలసిపోయినవారికి వేసే దండ ఒకటైతే, నిన్ననే మొదలుపెట్టి 'ఎవరైనా గమనిస్తున్నారా' అని దిక్కులు చూసేవాడికి చెప్పే మంచిమాట ఇంకొకటి. మనవాళ్ళ సన్మానాలన్నీ మొదటి రకం. మా తొమ్మిదో తరగతి అమ్మాయి రెండో రకం.

5,001 రూపాయల సంగతి. డబ్బు చేదని ఒక బ్యాంకువాడు అంటే మీరు నవ్వుతారు. కాని ఇక్కడ వద్దనే నా సలహా. రిచర్డ్ టిట్మస్ అనే ఆంగ్లేయుడు 1970లో రక్తదానం మీద ఒక పుస్తకం వ్రాశాడు. ఊరికే ఇచ్చే బ్రిటన్ పద్ధతిని, డబ్బిచ్చి కొనే అమెరికా పద్ధతిని పక్కపక్కన పెట్టి, ధర కట్టేసరికి ఇచ్చే మనసు కుంచించుకుపోతుందని వాదించాడు. కాదన్నవాళ్ళూ ఉన్నారు. మా మెకానిక్కు విషయంలో మాత్రం టిట్మస్ పక్షమే నాది. అర్ధరాత్రి నిద్రలేచినందుకు అయిదు వేలు చేతిలో పెడితే ఆయన తీసుకోడు, పైగా మళ్ళీ మన గోష్ఠికి రాడు. మా బ్రాంచిలో 1990ల్లో ఒక పెద్ద గుమాస్తా ఉండేవారు. మిల్లు కూలీ ఆడవాళ్ళకు డబ్బు తీసుకునే ఫారాలు నింపిపెట్టడం, పాస్‌బుక్కులో ఏముందో చదివి చెప్పడం ఆయనకు అలవాటు. ఆ ఏడాది ఉత్తమ ఉద్యోగి బహుమతి డిపాజిట్లు ఎక్కువ తెచ్చినవారికి వెళ్ళింది. ఈయన రిటైరైన మర్నాటి నుంచి ఆ కౌంటరు దగ్గర క్యూ ఎందుకు వీధిలోకి వచ్చిందో మేనేజరుగారికి అర్థం కావడానికి నెల పట్టింది. ఆయనకు డబ్బు ఇచ్చివుండాలని కాదు. ఆయన చేస్తున్న పని ఫలానా అని ఎవరైనా ఒక్క కాగితం మీద వ్రాసిపెట్టివుంటే, తరవాత వచ్చినవాడికి కనీసం తెలిసేది.

పేరు చెప్పుకోవడం మన ఊరి మర్యాద కాదని అనేవాళ్ళున్నారు. నిజమే, 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా, తరవాత ఒరిస్సా గవర్నరుగా పనిచేసిన కుమారస్వామి రాజాగారు తమ సొంత ఇంటిని ఊరికి ఇచ్చేసి, దానికి గాంధీ కళామండ్రం అన్న పేరే నిలిచేలా చేశారు. ఆయన పేరు పెట్టుకోలేదు గనుక మనం ఆయన్ని మరిచిపోయామా? పెట్టుకోకపోవడం ఆయన పెద్దరికం. గుర్తుపెట్టుకోవడం మనవంతు పని. రెండూ ఒకదానికొకటి అడ్డురావు.

ఇక నేను కార్యవర్గానికి ఇవ్వబోయే నియమాలు చెబుతాను. మార్కులు లేవు. సాయం చేసినవారు అర్జీ పెట్టుకోరు, సాయం అందుకున్నవారే పేరు పంపాలి. ఏ ఇబ్బందిలో ఉన్నారో, వారు వచ్చి ఏమి చేశారో నాలుగు వాక్యాల్లో వ్రాయాలి. 'సేవాతత్పరులు, మృదుభాషి' వంటి మాటలు పనికిరావు, అవి సన్మానపత్రాలు అచ్చువేసేవాళ్ళు ఎలాగూ వేస్తారు. హాజరుతో పని లేదు. చందా బకాయి అడ్డు కాదు, బకాయి వసూలు చేసుకోవడం కోశాధికారి పని, నాది కాదు. ఏడాదికి ఒక్కరు అన్న నియమం తీసేసి, ఎందరుంటే అందరి పేర్లూ, ఎవరు ఏ విషయంలో సాయపడగలరో ఆ వివరంతో సహా, ఉగాది సంచికలో అచ్చువేయాలి. శుభలేఖకు ఎవరిని అడగాలి, పాత ఉత్తరం ఎవరు చదవగలరు, ఆసుపత్రికి ఎవరు తోడు వస్తారు అన్నది అందరికీ తెలియాలి. ఇంటి నంబర్లు, ఫోన్లు పత్రికలో వేయం. అవి సంఘం కార్యాలయంలో ఉంటాయి. పేరు వద్దన్నవారి పేరు వేయం, చేసిన పని మాత్రం వ్రాస్తాం. ఏడాదిలోపు మొదలుపెట్టినవారికి, ముఖ్యంగా పిల్లలకు, విడిగా ఒక చోటు. డబ్బు లేదు. పొన్నాడ విషయం పెద్దత్త అభిప్రాయం పైన చెప్పాను. కార్యవర్గం పట్టుబడితే నూలుది, పలచనిది చూద్దాం.

జనవరి నెలాఖరులోగా మీ నాలుగు వాక్యాలు సంఘం కార్యాలయానికి చేరాలి. తెలుగు లిపి రానివారు తమిళ లిపిలో వ్రాయవచ్చు, భాష తెలుగైతే చాలు. తమ పేరు తామే పంపుకోదలచినవారు కూడా నిరభ్యంతరంగా పంపవచ్చు. శ్రద్ధగా చదివి, సంతోషించి, పక్కన పెడతాం.